డైనో అంకెకు ట్రాప్ స్పీడే సాక్షి

సంపాదకుల వారికి,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో కిందటి నెల టర్బో కార్ల రీమ్యాపింగు మీద వచ్చిన వ్యాసాన్నీ, దానికి జవాబుగా తరువాతి వారం ఒక పాఠకుడు రాసిన ఉత్తరాన్నీ శ్రద్ధగా చదివాను. టర్బో అంటే ఎగ్జాస్టు వాయువుల తోపుతో తిరుగుతూ ఇంజినులోకి గాలిని నొక్కి పంపే పరికరం, రీమ్యాపింగు అంటే శక్తి పెంచడానికి ఇంజిన్ను నడిపే కంప్యూటరు అమరికలను మార్చడం. వ్యాసకర్త ఒక వర్క్‌షాపులోని డైనో, అంటే ఇంజిను శక్తిని కొలిచే యంత్రం, అచ్చువేసి ఇచ్చిన హార్స్‌పవర్ అంకెను శీర్షికలోనే పెట్టి, నగరంలో ఆ కారుకు ఇక ఎదురు లేదన్నట్టు రాశారు. ఉత్తరం రాసిన పాఠకుడేమో, డైనో మీద తన కారుకంటే 30 హార్స్‌పవర్ ఎక్కువ చూపించిన బండిని తాను పావు మైలు పందెంలో ఓడించానని, కనుక డైనో కాగితాలన్నీ కస్టమరు కళ్ళు కప్పే కాగితాలేనని తేల్చేశారు. ఒకరు ఆ కాగితాన్ని వేదం చేశారు, మరొకరు చిత్తుకాగితం చేశారు. ఇద్దరూ ఆ యంత్రం ఏమి కొలుస్తుందో, ఏమి లెక్కగట్టి చెబుతుందో విడదీసి చూడలేదని నాకనిపించింది.

నేను పాలిటెక్నిక్ కళాశాలలో మెకానికల్ విభాగంలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా ల్యాబులో ఒంటి సిలిండరు డీజిలింజను ఒకటి ఉండేది. దాని చక్రం మీదుగా మందపాటి తాడు వేసి, ఒక కొసకు బరువులు వేలాడదీసి, రెండో కొసను స్ప్రింగు త్రాసుకు కట్టి, చక్రం కాలిపోకుండా దాని అంచు గాడిలో నీళ్ళు పోస్తూ విద్యార్థుల చేత రీడింగులు తీయించేవాణ్ణి. బ్రేక్ హార్స్‌పవర్ అన్న మాటలోని బ్రేక్ ఆ తాడే. ఉదయం బ్యాచికి వచ్చిన రీడింగు ఎండాకాలం మధ్యాహ్నం బ్యాచికి వచ్చేది కాదు. తాడు తడిసినా మారేది, త్రాసు ముల్లు వణుకుతుంటే చూసేవాడి చూపును బట్టీ మారేది. అంచేత డైనో అంకె మారుతుందంటే నాకు ఆశ్చర్యం లేదు. ఆ మార్పు ఎటువైపు, ఎంత, ఎందుకు అన్నదే ప్రశ్న.

ఇప్పటి వర్క్‌షాపుల్లోని ఛాసిస్ డైనోలు, అంటే మొత్తం కారును నిలబెట్టి కొలిచేవి, ప్రధానంగా రెండు రకాలు. డైనోజెట్ వంటి ఇనర్షియా డైనోలో బరువు తెలిసిన ఒక పెద్ద ఇనుప డ్రమ్మును కారు చక్రాలు తిప్పుతాయి. ఆ డ్రమ్ము ఎంత త్వరగా వేగం పుంజుకుందో చూసి, దాని వెనక ఎంత శక్తి ఉండి ఉండాలో యంత్రం లెక్కగడుతుంది. మస్టాంగ్ వంటి లోడ్ డైనోలో కారు చక్రాల కింద తిరిగే రోలరుకు విద్యుదయస్కాంత బ్రేకు ఉంటుంది, అది కారుకు ఎదురు నిలిచి, ఆ ఎదురు బలాన్ని కొలుస్తుంది. చక్రాలు ఊడదీసి నేరుగా హబ్బులకు బిగించే డైనాప్యాక్ వంటివి మరో తరహా. ఒకే కారును ఒకే రోజు మొదటి రెండింటి మీదా ఎక్కిస్తే డైనోజెట్ మీద ఎక్కువా, మస్టాంగ్ మీద తక్కువా చూపడం ఈ పనిలో ఉన్నవారందరికీ తెలిసిందే. ఏ రకమైనా సరే, కొలిచేది చక్రాల దగ్గరి శక్తినే. కారు కంపెనీ కేటలాగులో వేసేది క్రాంక్‌షాఫ్ట్, అంటే ఇంజిను నుంచి శక్తి బయటికొచ్చే ఇరుసు, దగ్గరి శక్తి. ఈ రెండింటి మధ్య గేర్‌బాక్సు, షాఫ్టులు, టైర్లు తినేసేది ఎంతో ఛాసిస్ డైనో నేరుగా కొలవలేదు. వర్క్‌షాపువారు ఒక శాతం అనుకుని కలుపుతారు.

నా మేనల్లుడి అనుభవం చెబితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. అతనిది 1.8 లీటర్ల టర్బో పెట్రోలు సెడాన్, ముందు చక్రాల నడక, కంపెనీ చెప్పిన శక్తి 180 పీఎస్. పీఎస్ అంటే మెట్రిక్ అశ్వశక్తి, 735.5 వాట్లు. మనం మామూలుగా హార్స్‌పవర్ అని పిలిచేది 745.7 వాట్లు. కాబట్టి అతని కారుది సరిగ్గా చెప్పాలంటే 177 హార్స్‌పవర్ చిల్లర. (ఈ చిన్న తేడాను కూడా ప్రకటనల్లో ఎవరికి అనుకూలంగా వారు వాడుకుంటారు.) కిందటి డిసెంబరులో నగరంలోని ఒక వర్క్‌షాపులో రీమ్యాప్ చేయించాడు. పనికి ముందోసారి, పని అయ్యాక మరోసారి డైనో మీద పరుగులు తీయించారు. ఇంటికి తెచ్చిన కాగితంలో రీమ్యాప్ తరువాత 248 హార్స్‌పవర్ అని పెద్దక్షరాల్లో ఉంది. దాన్ని ఫ్రేము కట్టించాలన్నంత సంబరంలో ఉన్నాడు కుర్రవాడు.

ఆ కాగితాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని చదివితే అడుగున సన్నని అక్షరాల్లో రెండు సంగతులు కనిపించాయి. వాతావరణ సవరణ గుణకం 1.08. గేర్‌బాక్సు నష్టం 18 శాతం. అంటే రోలరు దగ్గర యంత్రం నిజంగా చూసింది 188 హార్స్‌పవర్. దాన్ని 1.08తో హెచ్చవేస్తే 203, ఆ 203ను 0.82తో భాగిస్తే 248. కొలిచిన అంకెకూ అచ్చు పడిన అంకెకూ మధ్య 60 గుర్రాలు లెక్కలోంచి పుట్టుకొచ్చాయి. అబద్ధమేమీ ఆడలేదు, అన్నీ రాసే ఉన్నాయి, కాకపోతే చదివేవాడు లేడు. ఇంకో తమాషా ఏమిటంటే, అదే కాగితంలో రీమ్యాప్‌కు ముందు తీసిన పరుగు చక్రాల దగ్గర 152, సవరణలన్నీ అయ్యాక 200 హార్స్‌పవర్ అని ఉంది. కంపెనీ 177 అని చెప్పిన కారు, ఇంకా ఎవరూ చెయ్యి వేయకముందే 200 ఎలా అయింది? ఈ ప్రశ్న నేను అడిగేదాకా మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

వాతావరణ సవరణ అన్నది ఉద్దేశంలో మంచిదే. గాలి పలచబడితే ఇంజినుకు ఆక్సిజన్ తగ్గి, శక్తి తగ్గుతుంది. కాబట్టి వేరువేరు ఊళ్ళలో, వేరువేరు కాలాల్లో తీసిన రీడింగులను ఒకే కొలబద్ద మీదికి తేవడానికి అమెరికా ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ జె1349 అనే పద్ధతి పెట్టింది. అందులో ప్రమాణం 25 డిగ్రీల వేడి, తేమను మినహాయించిన గాలి పీడనం 99 కిలోపాస్కల్స్. పాత పద్ధతి మరొకటి 15.6 డిగ్రీల చల్లటి గాలిని ప్రమాణంగా తీసుకుంటుంది. దానితో లెక్కిస్తే అదే పరుగుకు సుమారు 4 శాతం ఎక్కువ వస్తుంది. ఏ పద్ధతి వాడారో కాగితం మీద చూడకుండా రెండు కార్లను పోల్చడం, ఒకరు గజాల్లో మరొకరు మీటర్లలో చెప్పిన స్థలాలను పోల్చినట్టే ఉంటుంది.

మన హైదరాబాదు సముద్రమట్టానికి ఐదు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం సముద్రతీరంలో కంటే ఆరు శాతం తక్కువ, సుమారు 95 కిలోపాస్కల్స్. దానికి మే నెల ఎండ తోడైతే, 40 డిగ్రీల మధ్యాహ్నం మన ఇంజిన్లు పీల్చే గాలి ప్రామాణిక వాతావరణంలో 1,500 మీటర్ల ఎత్తున ఉండే గాలి ఎంత పలచనో అంత పలచన. హార్స్‌లీ హిల్స్ ఎత్తే 1,265 మీటర్లు. ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర నిలబడిన కారు, ఊపిరి విషయంలో, కొండ మీద ఉన్నట్టే. అలాంటి రోజున జె1349 సూత్రంలో అంకెలు వేస్తే సవరణ పది శాతం దాటుతుంది. టర్బో లేని మామూలు ఇంజినుకు ఇది న్యాయమే, అది నిజంగానే ఆ మేరకు నష్టపోతుంది.

టర్బో ఇంజిను దగ్గరే తిరకాసు. ఈ రోజుల్లో టర్బో పెట్రోలు ఇంజిన్ల ఈసీయూ, అంటే ఇంజిన్ను నడిపే కంప్యూటరు, బయటి గాలి పీడనాన్ని పట్టించుకుని, సిలిండర్లకు గాలి చేర్చే మ్యానిఫోల్డు గొట్టంలో మొత్తం పీడనం ఇంత ఉండాలని లక్ష్యం పెట్టుకుంటుంది. ఆ లక్ష్యం 2.2 బార్లు అనుకుందాం. సముద్రతీరంలో టర్బోలోని కంప్రెసరు గాలిని ఇంచుమించు 2.2 రెట్లు నొక్కితే చాలు, హైదరాబాదులో 2.3 రెట్లు నొక్కాలి. ఎగ్జాస్టును టర్బోకు తగలకుండా పక్కకు వదిలే వేస్ట్‌గేట్ తలుపు ఇంకాస్త మూసుకుంటుంది, టర్బో ఇంకాస్త వేగంగా తిరుగుతుంది, లక్ష్యం నెరవేరుతుంది. దీనికి ఖర్చేమీ లేదనను. ఎక్కువ నొక్కిన గాలి ఎక్కువ వేడెక్కుతుంది, టర్బైనుకు ఎదురుగా ఎగ్జాస్టు పీడనం పెరుగుతుంది, కొంత శక్తి పోతుంది. పీడనం వల్ల పోవలసినంత మాత్రం పోదు. పోని శక్తికి కూడా డైనో సాఫ్టువేరు మామూలు ఇంజినుతో పాటే ఎనిమిది శాతమో పది శాతమో కలిపేస్తుంది. జరగని పంటనష్టానికి పరిహారం ఇచ్చినట్టన్నమాట. స్ప్రింగు బలంతోనే పనిచేసే పాతకాలపు వేస్ట్‌గేట్ ఉన్న కార్లలో బూస్ట్, అంటే టర్బో ఇచ్చే పీడనం, బయటి పీడనం మీద అదనంగా లెక్క కాబట్టి నష్టం కొంత ఉంటుంది. అక్కడ కూడా అది టర్బో లేని ఇంజిను నష్టమంత ఉండదు. అసలే చిన్న టర్బోను రీమ్యాప్‌తో దాని చివరి హద్దుదాకా తోసేసిన కారైతే, ఇంకా వేగంగా తిరగడానికి చోటులేక మే నెలలో చేతులెత్తేస్తుంది. కాబట్టి టర్బో కార్లన్నింటికీ వర్తించే ఒకే సవరణ గుణకం లేదు. నా వరకు నేను టర్బో కారు డైనో కాగితంలో సవరణ లేని అంకెనే ముందు చూస్తాను.

గేర్‌బాక్సు నష్టం గురించి ఎక్కువ చెప్పను. 15 శాతం అన్నా 18 అన్నా 20 అన్నా అవి నోటిలెక్కలే. కారును డైనో మీద కట్టే పట్టీలు ఎంత బిగించారో, టైర్లలో గాలి ఎంతుందో దాన్నిబట్టి కూడా మారేదాన్ని ఒక స్థిరాంకంగా అచ్చువేయడం నాకు నచ్చదు.

ఇక పావు మైలు సంగతి. పావు మైలు అంటే 1,320 అడుగులు, మన లెక్కలో 402 మీటర్లు. అమెరికాలో 1951లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే పందేల సంఘం ఏర్పడినప్పటి నుంచీ డ్రాగ్ రేసింగుకు, అంటే నిలబడ్డ చోటు నుంచి నేరుగా పరుగెత్తే పందేనికి, ఇదే కొలత. 2008లో ఒక డ్రైవరు ప్రమాదంలో మరణించాక నైట్రో ఇంధనంతో పరుగెత్తే అతివేగపు కార్లకు మాత్రం 1,000 అడుగులకు కుదించారు. స్ట్రిప్, అంటే ఈ పందెం జరిగే తిన్నని దారి, మీద ఇచ్చే చీటీలో చాలా అంకెలుంటాయి, వాటిలో మూడింటిని వేరువేరుగా చూడాలి. మొదటిది రియాక్షన్ టైమ్, పచ్చదీపం వెలిగాక డ్రైవరు కదలడానికి తీసుకున్న సమయం. రెండోది ఈటీ, అంటే కారు ముందు టైరు ప్రారంభపు కాంతిరేఖను వదిలిన క్షణం నుంచి ముగింపు రేఖ చేరేదాకా పట్టిన కాలం. మూడోది ట్రాప్ స్పీడ్, చివరి 66 అడుగుల్లో కారు సగటు వేగం. ఈటీ గడియారం కారు కదిలాకే మొదలవుతుంది కాబట్టి రియాక్షన్ టైమ్ అందులో కలవదు. మీ పాఠకుడు ఎదుటి బండిని ఓడించానన్నారు గాని, ఎవరి ఈటీ ఎంతో, ఎవరి ట్రాప్ స్పీడ్ ఎంతో రాయలేదు. దీపం దగ్గర అర సెకను ముందు కదిలినవాడు, ఈటీలో వెనకబడినా, గీత ముందు దాటవచ్చు. అలాంటి గెలుపు డ్రైవరు కంటిచూపుకు సాక్ష్యమే గాని ఇంజినుకు కాదు.

మేనల్లుడు మొన్న జనవరిలో వేరే రాష్ట్రంలో అనుమతితో జరిగిన ఒక పావు మైలు పోటీకి కారు తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. వెళ్ళేముందు నా పోరు పడలేక కారును లారీల వేబ్రిడ్జి మీదికి ఎక్కించాడు. ఇసుక లారీకీ ఇటుక లారీకీ మధ్య మా సెడాన్ నిలబడితే అక్కడి గుమాస్తా నవ్వాడు. డ్రైవరుతో కలిపి 1,510 కిలోలు అని చీటీ ఇచ్చాడు. మొదటి పరుగులో కుర్రవాడు తొందరపడి యాక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. ముందు చక్రాలు చోటునే తిరిగి పొగలేచాయి. మొదటి 60 అడుగులకు 2.61 సెకన్లు, మొత్తం 15.31 సెకన్లు, ట్రాప్ స్పీడ్ గంటకు 151 కిలోమీటర్లు. రెండో పరుగులో నెమ్మదించి, పట్టు దొరికాకే తొక్కాడు. 60 అడుగులకు 2.32, మొత్తం 14.88, ట్రాప్ స్పీడ్ 152. గమనించండి, ఈటీలో 0.43 సెకను తేడా వచ్చింది, అంటే పందెంలో కార్ల పొడవుల్లో చెప్పాల్సినంత తేడా. ట్రాప్ స్పీడ్ మాత్రం ఒక్క కిలోమీటరే కదిలింది. ఇంజిను రెండు పరుగుల్లోనూ ఒకటే, మారింది కాలు. అందుకే ఈటీలో డ్రైవరూ, టైర్లూ, రోడ్డూ ఎక్కువ కనిపిస్తాయని, ట్రాప్ స్పీడులో ఇంజినూ బరువూ ఎక్కువ కనిపిస్తాయని ఈ ఆటలో పండినవారు అంటారు.

ట్రాప్ స్పీడు నుంచి శక్తిని అంచనా కట్టడానికి చాలాకాలంగా వాడుకలో ఉన్న సూత్రం ఒకటుంది. దాన్ని మన కొలతల్లోకి మారిస్తే ఇలా ఉంటుంది: ట్రాప్ స్పీడును 289తో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేసి, దాన్ని డ్రైవరుతో సహా కారు బరువుతో, కిలోల్లో, హెచ్చవేయాలి. ఘనం ఎందుకంటే, స్థిరమైన శక్తితో నిర్ణీత దూరం పరుగెత్తే వస్తువు చివరి వేగపు ఘనం, శక్తిని బరువుతో భాగిస్తే వచ్చేదానికి అనుపాతంలో ఉంటుంది. ఇది ఇంటర్మీడియట్ ఫిజిక్సు. 289 అన్న అంకె మాత్రం సిద్ధాంతంలోంచి రాలేదు, అసలు కార్ల పరుగులను చూసి కుదిర్చింది. గాలి నిరోధం, గేర్ల మార్పిడి, టైర్ల జారుడు అన్నీ సగటున అందులో ఇమిడి ఉన్నాయి. మా కారుకు లెక్క వేస్తే 152ను 289తో భాగించి ఘనం చేస్తే 0.1455, దాన్ని 1,510తో హెచ్చవేస్తే 220 హార్స్‌పవర్. డైనో కాగితం చెప్పిన 248 నిజమైతే ట్రాప్ స్పీడ్ 158 దాటి ఉండాలి. ఆరు కిలోమీటర్ల లోటు ఎదురుగాలి మీదికి నెట్టేంత చిన్నది కాదు, ఆ సాయంత్రం జెండా గుడ్డ కూడా కదలలేదు.

ఇంటికి తిరిగొచ్చే దారిలో నేను వెనకసీట్లో కూర్చుని పాత డైనో కాగితం మళ్ళీ తీశాను. చక్రాల దగ్గర ముందు 152, తరువాత 188. అంటే 24 శాతం పెరుగుదల. పెద్దక్షరాల అంకెల్లో ముందు 200, తరువాత 248. అదీ 24 శాతమే. కంపెనీ చెప్పిన 177 చిల్లరకు ఈ 24 శాతం కలిపితే సరిగ్గా 220 దగ్గర తేలింది, స్ట్రిప్ చెప్పిందీ అదే. ఒక్క కారు, రెండు పరుగులు, ఇంత చక్కగా కలవడంలో అదృష్టం పాలు కూడా ఉంటుందని ఒప్పుకుంటాను. అయినా ఇక్కడ తెలిసేది ఏమిటంటే, అదే యంత్రం మీద, అదే రోజు, అదే పట్టీలతో, ముందూ వెనకా తీసిన రెండు పరుగుల నిష్పత్తిని డైనో నమ్మకంగా చెప్పింది, అసలు అంకెను చెప్పలేకపోయింది. యంత్రంలోని పొరపాటు ఏదైనా రెండు పరుగుల్లోనూ ఒకే తీరున ఉంటుంది కాబట్టి భాగహారంలో కొట్టుకుపోతుంది. మీ వ్యాసకర్త 'ముందు' అంకెను రాయకుండా 'తరువాత' అంకెను మాత్రమే శీర్షిక చేశారు. ఆ కాగితంలో పనికొచ్చే సగాన్ని వదిలేసి, పనికిరాని సగాన్ని ప్రకటించారని నా ఫిర్యాదు.

అంకెల్లో 30 హార్స్‌పవర్ వెనకబడిన ఆ పాఠకుడి కారు స్ట్రిప్ మీద న్యాయంగానే, ఈటీలోనే, గెలిచి ఉండవచ్చు కూడా. టర్బో కార్లలో ఇది తరచూ జరుగుతుంది. డైనో మీద కారును సాధారణంగా నాలుగో గేరులోనే నడుపుతారు. ఇంజిను వేగం తీరుబడిగా పెరుగుతుంది, టర్బోకు ఊపందుకోవడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. స్ట్రిప్ మీద మొదటి గేరు రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. బూస్ట్ పూర్తిగా ఎక్కేలోపే గేరు మార్చాల్సి వస్తుంది. డైనో కాగితం మీది శక్తి గీతలో కనిపించే నిండు బూస్టు మొదటి గేరులో చాలా కార్లకు దక్కనే దక్కదు. పైగా పెద్ద టర్బో బిగించిన కారు శిఖరం 6,500 ఆర్పీఎం దగ్గర 300 చూపించినా, 4,500 కింద నిద్రపోతూ ఉంటే, గేరు మార్చిన ప్రతిసారీ ఆ నిద్రలోకే జారుతుంది. చిన్న టర్బోతో 270 దగ్గరే ఆగినా 2,500 నుంచే నిండుగా లాగే కారు, పరుగు మొత్తం మీద సగటున ఎక్కువ శక్తిని నేలకు దించుతుంది. పావు మైలు అడిగేది సగటును, కాగితం పెద్దక్షరాల్లో చెప్పేది శిఖరాన్ని. దీనికి తోడు మ్యాన్యువల్ గేర్‌బాక్సులో ఒక్కో మార్పిడికి అర సెకను పోతే మూడు మార్పిడులకు ఒకటిన్నర సెకను కారు ఊరికే దొర్లుతుంది, ఆ వ్యవధిలో బూస్ట్ కూడా దిగిపోతుంది. రెండు క్లచ్‌లతో తనంతట తానే గేరు మార్చే డ్యుయల్ క్లచ్ బాక్సులో ఆ విరామం దాదాపు ఉండదు. ఇవేవీ డైనో మీద కనిపించవు, ఎందుకంటే డైనో మీద గేరే మార్చరు. కాబట్టి డైనో కాగితంలో శిఖరాన్ని వదిలి, 3,500 నుంచి 6,500 వరకు గీత కింద ఎంత మేర నిండి ఉందో చూస్తే స్ట్రిప్ ఫలితం చాలావరకు అక్కడే అర్థమవుతుంది. గీత ఉన్నది అందుకే.

డైనో ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుందని అనుకోవడం కూడా పొరపాటు. రీమ్యాప్ రోజున నేను ఆ షెడ్డులోనే ఉన్నాను. బానెట్ తెరిచి, కారు ముందు ఒక ఫ్యాను పెట్టారు. గంటకు నూట యాభై కిలోమీటర్ల గాలికి ఆ ఫ్యాను గాలి ఏ మూలకు? మూడో పరుగు అయ్యాక ఇంటర్‌కూలరులోకి వెళ్ళే గొట్టాన్ని ముట్టుకోబోతే మెకానిక్ కుర్రాడు నా చెయ్యి లాగేశాడు. టర్బో నొక్కిన గాలి వంద డిగ్రీలు సులువుగా దాటుతుంది, దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలరుకు గాలి తగలకపోతే అదే వేడి సిలిండర్లలోకి వెళుతుంది. ఆ వేడికి పెట్రోలు అదుపు తప్పి మండడాన్ని నాక్ సెన్సరు పసిగట్టగానే ఈసీయూ ఇగ్నిషన్ టైమింగును, అంటే నిప్పురవ్వ వేళను, వెనక్కి లాగుతుంది, శక్తి పడిపోతుంది. నాలుగో పరుగు మూడో పరుగుకంటే ఐదు హార్స్‌పవర్ తక్కువ వచ్చింది, కాగితం మీద వేసింది మాత్రం మంచి పరుగునే. లోడ్ డైనో మీద పరుగు ఇంకా నిదానంగా సాగుతుంది కాబట్టి ఈ వేడి ఇంకా ఎక్కువ. అలాంటి యంత్రం మీద తక్కువ అంకె వచ్చిన కారు, జనవరి రాత్రి చల్లగాలిలో స్ట్రిప్ మీద దానికి మించి పరుగెత్తినా వింత లేదు.

స్ట్రిప్ కూడా తప్పులు లేనిది కాదు. ఎదురుగాలి ట్రాప్ స్పీడును తినేస్తుంది, వెనకగాలి కలుపుతుంది. మన దేశంలో ఈ పోటీలు ఎక్కువగా ఎయిర్‌స్ట్రిప్పుల మీదే జరుగుతాయి. పట్టు కోసం ప్రత్యేకంగా సిద్ధం చేసిన డ్రాగ్ స్ట్రిప్ ఉపరితలం వాటికి ఉండదు. అక్కడ వచ్చిన ఈటీలను అమెరికా ఈటీలతో పోల్చడం వృథా. బరువు తెలియకపోతే ట్రాప్ స్పీడు నుంచి శక్తి లెక్కే రాదు, కేటలాగులోని బరువు వేస్తే డ్రైవరునీ ట్యాంకులోని పెట్రోలునీ మరిచినట్టే. వేగంలో ఒక శాతం తప్పు శక్తిలో మూడు శాతం తప్పవుతుందని కూడా మరవకూడదు. అయితే స్ట్రిప్ తప్పులు ఎటువైపైనా ఉంటాయి, వాటి వెనక అమ్ముకునేవాడు ఎవరూ లేడు. డైనో సవరణల పెట్టెలో అంకెలు నింపేది మాత్రం రీమ్యాప్ అమ్మేవాడే.

అంచేత మీ పత్రికకు నా విన్నపం చిన్నది. ఇకముందు ఏ టర్బో కారు శక్తి గురించి రాసినా, డైనో ఏ రకమో, అంకె చక్రాల దగ్గరిదో క్రాంక్ దగ్గరిదో, సవరణ ఏ పద్ధతిలో ఎంత వేశారో, పనికి ముందు అదే యంత్రం మీద ఎంత వచ్చిందో రాయించండి. పావు మైలు పరుగు ఉంటే ఈటీతో పాటు ట్రాప్ స్పీడునూ, 60 అడుగుల కాలాన్నీ, వేబ్రిడ్జి బరువునూ వేయించండి. రెండు లైన్లకు మించి చోటు పట్టదు. అమెరికా కార్ల కంపెనీలు 1972 మోడళ్ళ నుంచి స్థూల అశ్వశక్తికి (ఒంటి ఇంజినుది) బదులు నికర అశ్వశక్తిని (ఉపకరణాలన్నీ బిగించాక మిగిలేది) ప్రకటించడం మొదలుపెట్టినప్పుడు, ఇంజిన్లలో బోల్టు కూడా మారకుండానే కాగితం మీద గుర్రాలు పదుల లెక్కన మాయమయ్యాయి. కొలిచే పద్ధతి రాయకపోతే అంకెకు అర్థం ఉండదని ఆనాడే అందరికీ తెలిసింది.

ఇంకొక్క మాట, ఇదీ అంకెల గొడవలోంచే పుట్టింది. మన నగరంలో చట్టబద్ధంగా పావు మైలు పరుగెత్తి చూసుకునే చోటు లేదు. అందుకే కుర్రాళ్ళు డైనో కాగితాన్ని నమ్ముకోవడమో, నమ్మకం కుదరక అర్ధరాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఫోనులో జీపీఎస్ పెట్టుకుని తేల్చుకోవడమో చేస్తున్నారు. ఔటర్ మీద వేగ పరిమితి 120. మా మేనల్లుడి కారు వంటిదాని ట్రాప్ స్పీడు కొలవాలంటేనే 150 దాటాలి. అక్కడ చేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద జైలుదాకా వెళ్ళగల నేరం, ప్రాణాల మాట సరేసరి. 2023 ఫిబ్రవరి 11న ‘ఫార్ములా ఈ’ అనే విద్యుత్ కార్ల పోటీ కోసం హుస్సేన్‌సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డునే మూసి, గోడలు కట్టి, ప్రపంచస్థాయి కార్లను పరుగెత్తించగలిగిన నగరం మనది. నేరుగా ఉన్న అర కిలోమీటరు రోడ్డూ, ఆగడానికి మరో అర కిలోమీటరూ, అంబులెన్సూ, టైమింగ్ పరికరమూ ఉన్న ఒక స్థలాన్ని నెలకో ఆదివారం తెరవడం దానితో పోలిస్తే చిన్న పని. సంబంధిత అధికారులు ఆలోచించాలని కోరుతున్నాను.

మీ వ్యాసంలోని ఆ కారు యజమాని గాని, ఆయన్ను ఓడించానన్న పాఠకుడు గాని ముందుకొస్తే, వచ్చే చలికాలం అనుమతి ఉన్న పోటీలో ముగ్గురి కార్లనూ ఒకే సాయంత్రం పరుగెత్తించడానికి మా మేనల్లుడు సిద్ధంగా ఉన్నాడు. వేబ్రిడ్జి ఖర్చు నాది. డైనో కాగితాలు మాత్రం ఎవరివి వారు, సన్నక్షరాలు కత్తిరించకుండా, వెంట తెచ్చుకోవాలి.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత మెకానికల్ అధ్యాపకుడు,
మల్కాజిగిరి, హైదరాబాదు